రాయికి చిరునామా

కోహినూరు ఏ గోతిలోంచి బయటపడిందో, ఏ రోజున ఎవరి కంట పడిందో చెప్పే కాగితం ఇంతవరకు దొరకలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది నమ్మదగిన ఊహే, కాని ఊహే. ఆ కొల్లూరు చోటు కూడా ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కిందికి పోయింది. 105.6 క్యారెట్ల ఆ వజ్రం లండన్ టవర్‌లో అద్దాల వెనక భద్రంగానే ఉంది. దాన్ని చేజిక్కించుకున్న రాజుల కథలకు లెక్కలేదు. భూగర్భ శాస్త్రవేత్త అడిగే మొదటి ప్రశ్నలకు మాత్రం జవాబు లేదు. ఏ పొరలో దొరికింది? ఎంత లోతున? పక్కన ఇంకే రాళ్లున్నాయి?

ఇంకో రాయి సంగతి చూడండి. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో, ఆ గుట్ట కింది మట్టిలో ముదురు ఎరుపు గార్నెట్లు దొరుకుతాయి. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు రోమన్లతో వర్తకం సాగిన పాత రేవు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు. అక్కడి గార్నెట్ పూసల రసాయన కూర్పును, వాటి లోపల చిక్కుపడ్డ సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నని పోగులను పరిశోధకులు ఈ మధ్యకాలంలో గరీబ్‌పేట గార్నెట్లతో పోల్చి చూశారు. రెండూ కలిశాయి. తెలంగాణ గుట్ట మీది రాయి ప్రాచీన కాలంలోనే తూర్పు తీరపు రేవుకు చేరిన దారి అలా బయటపడింది. ఈ పోలిక వీలైందంటే కారణం ఒకటే. పోల్చడానికి తెచ్చిన రాళ్లు గరీబ్‌పేటవేనని సందేహం లేకుండా తెలుసు. చిరునామా ఉన్న రాయిని పక్కన పెడితేనే చిరునామా పోయిన రాయి గుట్టు విప్పింది.

ఈ అధ్యాయం ఇంట్లో స్ఫటికాలు, ఖనిజాలు సేకరించి అమర్చుకునేవారి కోసం. బీరువా ఎక్కడ ఉండాలి, దీపం ఎలాంటిది పెట్టాలి అన్న సంగతులు వస్తాయి. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. రాయి అది పుట్టిన చోటి వేడికీ, నీటికీ, కాలానికీ సాక్ష్యం. మన ఇంటికి తెచ్చేటప్పుడు ఆ సాక్ష్యం రెండు విధాలుగా చెడిపోతుంది. దాని చిరునామా మనం మరిచిపోతాం. దాని ఒంట్లోని నీటిని, రంగును మన ఇంటి గాలీ వెలుతురూ తినేస్తాయి. సేకరణ అంటే నా దృష్టిలో ఈ రెండింటినీ ఆపగలగడమే.

దక్కను రాతి బుడగలు

మన దేశంలో ఈ వ్యాపకం మొదలుపెట్టేవారికి దక్కను పీఠభూమిని మించిన చోటు లేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలికల్లోంచి లావా పొర మీద పొరగా పారి గట్టిపడింది. కోతకు పోగా ఇవాళ మిగిలిందే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం మహారాష్ట్రలో ఉన్నా మనకూ వాటా ఉంది. ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు పొలాల్లోని నల్లరేగడి చాలావరకు ఈ రాయి శిథిలమై తయారైనదే. రాజమండ్రి దగ్గర కాతేరు, గౌరీపట్నం ప్రాంతాల్లోనూ ఇదే తరహా నల్లరాయి కనబడుతుంది. ఆ లావా పడమటి దిక్కున పుట్టి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల మేర పారి ఇక్కడిదాకా వచ్చిందని కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. భూమి మీద అంత పొడవు పారిన లావా ఇంకొకటి లేదని వారి అంచనా.

లావాలో నీటి ఆవిరి, ఇతర వాయువులు కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి బుడగలవుతాయి. పైకి తేలి పోయేలోగా లావా గట్టిపడితే ఆ బుడగలు రాతిలో గుల్లలుగా మిగిలిపోతాయి. శనగగింజంత గుల్లలుంటాయి, మనిషి దూరగలిగేంత గుహలూ ఉంటాయి. తర్వాత వేడి నీళ్లు రాతి పగుళ్లలో ఊరుతూ లావాలోని సిలికానూ, అల్యూమినియాన్నీ, కాల్షియాన్నీ కరిగించుకుని ఈ గుల్లల్లోకి చేరాయి. చల్లబడేకొద్దీ ఒక్కో ఖనిజాన్ని ఒక్కో దశలో గోడలకు పేర్చాయి. ముందు పచ్చని బంకమన్ను పూత. దాని మీద హ్యూలండైట్, స్టిల్‌బైట్. వాటి మీద అపోఫిలైట్. కొన్నిచోట్ల అన్నిటికీ పైన పసుపుపచ్చ కాల్సైట్. ఈ వరస చోటును బట్టి మారుతుంది. లావా పారడం ఆగిన కోటి ఏళ్లకూ, ఇంకా ఆలస్యంగానూ పెరిగిన స్ఫటికాలు ఉన్నాయి. అందుకే దక్కను నమూనాను చేతిలోకి తీసుకున్నప్పుడు ఏది దేని మీద కూర్చుందో చూడండి. కిందిది ముందు పుట్టింది, మీదిది తర్వాత. వయసు వరస కంటికే కనబడే రాళ్లు ఇంత తేలిగ్గా దొరకడం అరుదు.

బొంబాయి నుంచి పుణెకు రైలు మార్గం వేయడానికి భోర్ ఘాట్‌ను తొలిచినప్పుడు ఈ గుల్లలు పెద్ద సంఖ్యలో తెరుచుకున్నాయి. 1863లో ఆ ఘాట్ మార్గం మొదలైంది. అప్పటి అపోఫిలైట్, స్టిల్‌బైట్ నమూనాలు యూరప్ మ్యూజియాల్లోకి చేరాయి. ఇప్పుడు నాసిక్, జలగావ్, పుణె చుట్టుపక్కల కంకర క్వారీలు, బావుల తవ్వకాలే వాటికి ఆధారం. పుణె దగ్గర వాఘోలి క్వారీల్లో 1980ల చివర కావన్‌సైట్ అనే నీలిరంగు ఖనిజం బయటపడింది. తెల్లని స్టిల్‌బైట్ మీద గోరంత నీలి రోజాలు కూర్చున్నట్టుంటుంది. అంతకుముందు అమెరికాలోని ఆరెగన్‌లో దొరికింది గాని ఇంత అందంగా కాదు. ప్రపంచంలో మేలైన కావన్‌సైట్ ఏ దేశపు మ్యూజియంలో ఉన్నా అది వాఘోలిదే కావడానికి అవకాశం ఎక్కువ. ఆ క్వారీ కార్మికులు ఆపి చేత్తో తీయకపోయి ఉంటే అదంతా క్రషర్‌లో పడి రోడ్ల కింద కంకరయ్యేది. ఈ సంగతి సేకర్తలు ఎప్పుడూ మరవకూడదు. మన షోకేసులోని రాయిని మొదట చూసి, దాని అందాన్ని గుర్తించి, పగలకుండా పైకి తెచ్చినది కూలికి పనిచేసే మనిషి. సిన్నర్‌లోని గార్గోటి మ్యూజియంలో దక్కను ఖనిజాలను ఒక్కచోట చూడవచ్చు. షిరిడీ, నాసిక్ వెళ్లేవాళ్లకు అది దారిలోనే ఉంటుంది.

ఈ దక్కను ఖనిజాల్లో ఎక్కువ భాగం జియోలైట్లు అనే కుటుంబానివి. 1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెడ్ట్ అలాంటి రాయిని మంట మీద పెడితే అది నురగలు కక్కి ఆవిరి వదిలింది. జియోలైట్ లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు గూళ్లు గూళ్లుగా అల్లుకుని ఉంటాయి. ఆ గూళ్లలో నీటి అణువులు కాపురముంటాయి. వేడిచేస్తే పోతాయి, చల్లారితే గాలిలోని తేమను పట్టుకుని మళ్లీ చేరతాయి. 2021లో కరోనా రెండో దశ నాటికి ఊరూరా కనబడిన ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లలో గాలి నుంచి నైట్రోజన్‌ను పట్టి ఉంచినవి ఈ కుటుంబానికే చెందిన, ఫ్యాక్టరీలో తయారైన గుళికలు. గుళికలోని గూడు ఎలాంటిదో స్టిల్‌బైట్‌లోని గూడూ అలాంటిదే, అల్లికా కొలతలూ వేరు.

ఇంటి గాలి, ఇంటి వెలుతురు

ఈ నీటి సంగతే సేకర్తకు మొదటి పరీక్ష. జియోలైట్లలో లామోంటైట్ అని ఒకటి ఉంది. క్వారీలో తడిగా ఉన్నప్పుడు గాజులా నిగనిగలాడుతుంది. తెచ్చి పొడిగదిలో పెడితే కొంత నీరు వదిలేసి తెల్లబారి, వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని గాలి చొరబడని డబ్బాలో తేమతో ఉంచాలి. సైంధవ లవణానిది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు నీరు పట్టి కరగడం మొదలవుతుంది. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో ఏడాదిలో ఎన్నో రోజులు ఆ హద్దు దాటుతుంది. అనంతపురంలో బాగున్న ఉప్పు స్ఫటికం విశాఖలో అంచులు పోగొట్టుకుంటుంది. దానికి సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు డబ్బా కావాలి. ఒకే బీరువాలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం కుదరదు.

పైరైట్‌ది ఇంకా పెద్ద బాధ. బంగారంలా మెరిసే ఈ ఇనుము, గంధకాల ఖనిజాన్ని కొనని సేకర్త ఉండడు. గాలిలో తేమ 60 శాతం మించితే కొన్ని పైరైట్లు ఆక్సిజన్‌తో కలిసి తెల్లని, పసుపుపచ్చని పొడి కడతాయి. ఆ చర్యలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది రాయిని పగలగొడుతుంది, కింది చీటీని మాడ్చేస్తుంది, పక్కనున్న కాల్సైట్‌ను తింటుంది. గంధకపు వాసన వచ్చినా, కింద పొడి రాలినా ఆ రాయిని వెంటనే విడదీయాలి. ఘనాకారంలో నిగనిగలాడే పైరైట్లు సాధారణంగా గట్టివే. సన్నని రేణువులతో గుండ్లుగా పెరిగినవీ, మార్కసైట్ అనే దాని తోబుట్టువూ నమ్మదగినవి కావు.

వెలుతురు కూడా రాళ్లను మారుస్తుంది. అమెథిస్ట్ ఊదారంగు స్ఫటికంలోని కొద్దిపాటి ఇనుము నుంచీ, లక్షల ఏళ్లు చుట్టుపక్కల రాళ్లలోని రేడియోధార్మికత నుంచీ వచ్చింది. కిటికీలో ఎండ తగిలేలా పెడితే ఏళ్లు గడిచేసరికి వెలిసిపోతుంది. కొన్ని ఫ్లోరైట్లూ అంతే. మన ఆయుర్వేదంలో మణిశిల అని పేరున్న రియల్‌గార్ అన్నిటికన్నా సున్నితం. ఎర్రని స్ఫటికం వెలుతురుకు పసుపు పొడిగా మారిపోతుంది. చీకటి డబ్బాలో పెడితే తప్ప నిలవదు. హాల్లో కిటికీ పక్కన షోకేసు పెట్టించుకోవాలని అందరికీ ఉంటుంది. ఎండ పడని గోడను వెతుక్కోండి. లోపల ఎల్ఈడీ దీపం చాలు. పాత హాలోజన్ బల్బుల వేడికి జియోలైట్ నమూనాలు నీరు కోల్పోతాయి.

కడగడం దగ్గర చాలా రాళ్లు పోతాయి. ఇత్తడి చెంబు తోమే చింతపండు కాల్సైట్ మెరుపును నిమిషాల్లో చంపేస్తుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. పుల్లనిదేదీ రాతి దగ్గరికి రానివ్వకండి. పలుగురాయికి సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షు సరిపోతాయి. ఉప్పుకు, జిప్సానికి నీళ్లే వద్దు. దూదిలాంటి తెల్లని బంతులుగా పెరిగే ఒకెనైట్‌ను ఊదడం, తాకడం రెండూ ప్రమాదమే. ఒక్కసారి నలిగిన పోగు మళ్లీ లేవదు. మూత ఉన్న పెట్టెలోనే దాని జీవితమంతా గడవాలి.

కొలిచి తెలుసుకోవడం

మన నేల మీద పలుగురాయి దొరకని ఊరు లేదు. దొడ్లో, కాలువ గట్టున దొరికిన పలుగుల్లో ఎప్పుడైనా ఆరు పలకల స్ఫటికం కనబడితే దాని పక్కపక్క పలకల మధ్య కోణం కొలిచి చూడండి. అట్టముక్క కత్తిరించి పలకలకు ఆనించి, ఆ అట్టను కోణమానినితో కొలిస్తే చాలు. పలక సన్నగా ఉన్నా వెడల్పుగా ఉన్నా 120 డిగ్రీలే వస్తుంది. బ్రెజిల్ స్ఫటికానికీ అంతే, భద్రాచలం స్ఫటికానికీ అంతే. 1669లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో పట్టుకున్న నియమం ఇది. ఇందుకు కారణం లోపలి పరమాణువుల అమరికేనని కంటికి చూపగలిగే పద్ధతి 1912లో గాని రాలేదు. ఆ ఏడాది లావే చేసిన ఎక్స్‌రే ప్రయోగం, మరుసటి ఏడాది బ్రాగ్ తండ్రీకొడుకులు ఉప్పు స్ఫటికాన్ని విప్పి చూపడం దాన్ని తేల్చాయి.

గట్టిదనం కొలిచే మోస్ పట్టిక 1812 నాటిది. బలపంలోని టాల్క్‌కు 1, వజ్రానికి 10. గోరు రెండున్నర, కిటికీ అద్దం ఐదున్నర, పలుగు 7. అద్దాన్ని గీసే తెల్లరాయి కాల్సైట్ కాదని ఒక్క గీతతో తెలుస్తుంది. కానీ మంచి స్ఫటికపు కొనతో గీయకండి, కిందిపక్క కనబడని అంచుతో గీయండి. రంగును బట్టి పేరు పెట్టడం నమ్మదగింది కాదు, గీత రంగును బట్టి పెట్టడం నమ్మదగింది. బాత్‌రూమ్ టైల్ వెనకవైపు, పాలిష్ లేని చోట రాయిని రుద్దండి. బళ్లారి, ఓబుళాపురం వైపు దొరికే హెమటైట్ ఉక్కులా నల్లగా మెరుస్తున్నా గీత మాత్రం ఎర్రగా వస్తుంది. బంగారంలా కనబడే పైరైట్ గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. అసలు బంగారం గీత బంగారు రంగే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పరీక్ష బరువుది. మంగంపేట బెరైటీస్ ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి. ఆ బూడిదరంగు రాయిని ఏ బడిపిల్లవాడి చేతిలో పెట్టినా కళ్లు పెద్దవి చేస్తాడు, ఆ పరిమాణానికి అంత బరువు ఊహించడు కనుక. ఎంత బరువో వంటింట్లోనే కొలవవచ్చు. డిజిటల్ తూకం మీద ముందు రాయిని తూచండి. తర్వాత సగం నీళ్లున్న గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, గిన్నె అడుక్కూ అంచుకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. తూకం అప్పుడు చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. 450 గ్రాముల బెరైటీస్ ముక్కకు తూకం 100 చూపిస్తుంది. అంటే నాలుగున్నర. అదే పలుగైతే 2.65 దగ్గర, కాల్సైట్ అయితే 2.71 దగ్గర వస్తుంది. పేరు పెట్టడానికి వంటింటి తూకం కూడా సాక్ష్యమివ్వగలదని పిల్లలకు చూపడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

గూడూరు అభ్రకంతోనూ ఒక వేడుక ఉంది. పలచని రేకు తీసి, తెల్లని తెర వెలుగుతున్న ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ ముందు పట్టుకుని, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తిప్పుతూ చూడండి. రంగులేని రేకులో గులాబీ, పచ్చ, నీలం పుట్టుకొస్తాయి. రేకు మందం మారితే రంగు మారుతుంది. ఇదే ఏర్పాటుతో స్ఫటిక శివలింగం అసలుదో గాజుదో కూడా చాలావరకు తేల్చవచ్చు. కళ్లద్దాలను తెర నల్లగా కనబడేదాకా తిప్పి, మధ్యలో లింగాన్ని పెట్టి అటూ ఇటూ తిప్పండి. గాజు దాదాపు నల్లగానే ఉంటుంది. పలుగు స్ఫటికం వెలుగుతుంది.

సి.వి. రామన్ ఇలాంటి చూపున్న సేకర్త. బాల్యం, కాలేజీ చదువు కొంత విశాఖపట్నంలో గడిచిన ఆయన, తర్వాత బెంగళూరులో 1948లో నెలకొల్పిన సంస్థలో వజ్రాలు, రత్నాలు, ఖనిజాలు, శంఖాలు పోగుచేసి పెట్టారు. వాటి నుంచే పరిశోధనలు తీశారు. లాబ్రడోరైట్‌ను అటూ ఇటూ తిప్పితే మెరిసే నీలం ఎలా వస్తుందన్నది ఆయన చేపట్టిన ప్రశ్నల్లో ఒకటి. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ నిజాం కాలపు హైదరాబాద్ భూగర్భ సర్వేలో పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. తెలుగునాట ఖనిజాలను చదివే సంప్రదాయానికి రామన్ ప్రయోగశాలతో సంబంధం అలా కలిసింది.

అమర్చడం, తెచ్చుకోవడం

అమర్చడానికి మనకు కొత్త పాఠం అక్కరలేదు. బొమ్మల కొలువులో పెద్దవి వెనక మెట్టు మీద, చిన్నవి ముందు మెట్టు మీద పెట్టి, దేన్నీ ఇంకోటి కప్పకుండా చూసుకుంటాం. ఖనిజాలకూ అదే పద్ధతి సరిపోతుంది. మొదట కొనేవారు పెద్ద రాయి కోసం ఆశపడతారు. నా సలహా అంగుళం, రెండంగుళాల నమూనాలు. చిన్నవాటిలో స్ఫటికాల అంచులు పదునుగా, దెబ్బ తగలకుండా దొరకడం తేలిక. ఇల్లు ఇరుకైతే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూసే నలుసులను అగ్గిపెట్టెల్లో దాచుకునే సేకర్తలున్నారు. ప్రపంచపు అందాల్లో కొంత ఆ అద్దం కిందే ఉంది. నకిలీ నోట్లు పట్టుకునే అతినీలలోహిత టార్చి ఒకటి ఉంటే రాత్రి దీపాలార్పి కొన్ని కాల్సైట్లు, ఫ్లోరైట్లు మెరవడం చూడవచ్చు. ఆ వెలుతురును కళ్లలోకి మాత్రం వేయకండి.

కొన్నిటిని ఇంటికి తేకపోవడమే మంచిది. పులివెందుల వైపు ఒకప్పుడు తవ్విన రాతినార పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెచ్చేవి. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, హరిదళం ఆర్సెనిక్‌ది, గెలీనా సీసానిది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవి తాళం వేసిన అద్దాల వెనకే ఉండాలి, తాకితే చేతులు కడుక్కోవాలి. యురేనియం ఖనిజాల నుంచి రేడాన్ వాయువు వస్తుంది. పడకగదిలో వాటికి చోటు లేదు.

కొనేటప్పుడు కళ్లు తెరుచుకోవాలి. ఆన్‌లైన్లో సిట్రైన్ అని అమ్మే ముదురు నారింజ స్ఫటికాల్లో చాలా భాగం కొలిమిలో కాల్చిన అమెథిస్ట్. ఇంద్రధనుస్సు రంగుల పలుగు శూన్యంలో లోహపు పూత పూసినది. మెట్లు మెట్లుగా మెరిసే బిస్మత్ ప్రయోగశాలలో కరిగించి పెంచినది. ముదురు నీలి మైలుతుత్తం స్ఫటికాలు గనిలోవి అంటే నమ్మకండి. పటిక, కలకండ లాగానే దాన్ని గిన్నెలో పెంచవచ్చు. పెంచినదాన్ని పెంచినదని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. నేను స్వయంగా పటిక స్ఫటికాలు పెంచమని ప్రతి బడికీ చెబుతాను, ద్రావణం మెల్లగా ఆరితే స్ఫటికం పెద్దగా, స్వచ్ఛంగా వస్తుందని చేతితో తెలుసుకునే పాఠం అది. జబ్బులు నయం చేస్తాయని, గ్రహాలను శాంతింపజేస్తాయని చెప్పి రాళ్లు అమ్మేవారి మాటకు మాత్రం ఆధారం లేదు. 2001లో లండన్ మనోవిజ్ఞాని క్రిస్టఫర్ ఫ్రెంచ్ కొందరికి అసలు స్ఫటికాలు, కొందరికి గాజు ముక్కలు చెప్పకుండా ఇచ్చి చూస్తే రెండు వర్గాలూ అవే అనుభూతులు చెప్పాయి. రోగంతో ఉన్నవారి భయాన్ని అమ్ముకోవడం నన్ను బాధిస్తుంది.

స్వయంగా తెచ్చుకోవాలంటే భూమి యజమాని, గని యాజమాన్యం అనుమతి తీసుకోండి. తవ్విపోసిన గుట్టలే సేకర్తకు తగిన చోటు. క్వారీ గోడ కింద నిలబడకండి. నర్సీపట్నం వైపు కరక కొండల్లో రంగురాళ్ల కోసం దొంగచాటుగా సొరంగాలు తవ్వి మట్టి కూలి చనిపోయినవారున్నారు. అభయారణ్యంలోంచి రాయి తీయడం చట్టవిరుద్ధం. తిరుమల శిలాతోరణం, భీమిలి ఎర్రమట్టి దిబ్బలు, మంగంపేట బెరైటీస్ పొరలు జాతీయ భూగర్భ స్మారకాలు. బొర్రా, బెలూం గుహల్లో వేలాడే సున్నపు ఊడలను విరిచి సంచిలో వేసుకునేవారిని చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది. చుక్క చుక్కగా వేల ఏళ్లు పెరిగినది ఇంటికొచ్చాక తెల్లని ముక్కగా మిగులుతుంది, అంతే.

ఇక చీటీ. ప్రతి రాతి అడుగున గోటి రంగు చుక్క వేసి, ఆరాక దాని మీద నల్ల సిరాతో అంకె రాయండి. అదే అంకె నోటుపుస్తకంలో, అదే అంకె పక్కన పెట్టే చీటీలో. ఖనిజం పేరు, దొరికిన చోటు, తేదీ, ఎవరు తెచ్చారు లేక ఎవరి దగ్గర కొన్నారు, దేని మీద దేని కింద పెరిగింది. చోటు రాసేటప్పుడు జిల్లా పేరుతో ఆపకండి. మనకు 2016లో తెలంగాణ జిల్లాలు మారాయి, 2022లో ఆంధ్ర జిల్లాలు మారాయి. మంగంపేట అంతకుముందు కడప జిల్లా, ఆ మార్పులో అన్నమయ్య జిల్లా. ఊరు, క్వారీ, వీలైతే ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలు రాస్తే ఏ ప్రభుత్వం వచ్చినా చెడవు. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి వానలకు దొరికే వజ్రాలు ఎన్నోసార్లు ఏ చేలో దొరికాయో నమోదు కాకుండానే చేతులు మారిపోతున్నాయి. అవి ఏ తల్లిరాతి నుంచి కొట్టుకొచ్చాయో వెతికేవారికి పనికొచ్చే ఆనవాళ్లు వాటితోపాటే మాయమవుతున్నాయి. రైతు భయం నాకు అర్థమవుతుంది. చెప్తే వజ్రం పోతుందేమోనని భయం. ఆ భయం లేకుండా చోటును నమోదు చేసే మార్గం ప్రభుత్వం చూపితే బాగుంటుంది.

సేకర్త తర్వాత ఆ పెట్టెలు ఎవరికి పోతాయన్నది ముందే ఆలోచించండి. మీ ఊరి కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పేవారు చీటీలున్న సేకరణను సంతోషంగా తీసుకుంటారు, చీటీల్లేని పెట్టె వారికి కంకరతో సమానం. మీ బీరువాలో ఇప్పటికే రాళ్లుంటే ఈ వారమే కూర్చుని రాయండి. గుర్తున్నంత మేరకు రాయండి. గుర్తులేనిచోట ఊహించి ఊరిపేరు పెట్టకండి, "తెలియదు" అని రాయండి.